కొత్త విడిభాగం అమర్చాక కంప్యూటరు మొదలవకపోతే: మరోదా గృహ వినియోగదారులకు సమగ్ర సమాచారం

భిలాయి ఉక్కు కర్మాగారానికి అనుబంధంగా ఏర్పడిన నివాస పట్టణంలో మరోదా ఒక భాగం. దల్లీ రాజహరా గనుల వైపు సాగే రైలుమార్గంలో ఈ పేరుతో ఒక స్టేషను ఉంది. కర్మాగారానికి నీరందించే జలాశయానికి కూడా ఇదే పేరు. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం మేరకు నిర్మాణమై, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా తొలి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమైన నాటి నుంచి, ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వచ్చిన అనేక తెలుగు కుటుంబాలు ఈ పట్టణంలో స్థిరపడ్డాయి. రెండు మూడు తరాలు గడిచిన ఈ ఇళ్లలో డెస్క్‌టాప్ కంప్యూటరు నేటికీ ఉపయోగంలో ఉంది. పోటీ పరీక్షల దరఖాస్తులు, పిల్లల చదువు, పదవీ విరమణ చేసిన వారి పింఛను పత్రాలు, శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఉన్న బంధువుల పెళ్లి ఫొటోలు తరచుగా ఆ ఒక్క పెట్టెలోనే ఉంటాయి.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ అందించే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా వ్యవస్థ, జాబితాలో పేర్కొన్న ప్రాసెసరు తప్పనిసరి కావడంతో, పాత కంప్యూటరును పూర్తిగా పక్కన పెట్టకుండా మదర్‌బోర్డు, ప్రాసెసరు, ర్యామ్ వంటివి మాత్రమే మార్చుకునే ప్రయత్నం చాలా ఇళ్లలో జరుగుతోంది. ఆ మార్పు ముగిసి, పవర్ బటన్ నొక్కినప్పుడు తెర నల్లగానే ఉండిపోవడం ఎదురయ్యే ప్రధాన సమస్య. కొత్తగా కొన్న వస్తువు పాడైనదనే నిర్ణయానికి ఆ క్షణంలోనే రావడం సహజం. వాస్తవంలో ఇటువంటి సందర్భాలలో ఎక్కువ భాగం సరిగా కూర్చోని ర్యామ్, మరచిపోయిన ఒక తీగ, లేదా కొత్త ప్రాసెసరును గుర్తించలేని పాత బయాస్ వల్ల కలిగేవే. అసలు నష్టం చాలాసార్లు ఆ తరువాతి తొందరపాటు చర్యల వల్ల సంభవిస్తుంది.

ముందుగా ఆగవలసిన చోటు

క్యాబినెట్ తెరవడానికి ముందు స్విచ్ ఆపడంతో సరిపెట్టక, ప్లగ్గును గోడ సాకెట్ నుంచి పూర్తిగా తీయాలి. అనంతరం పవర్ బటన్‌ను పది నుంచి ముప్ఫై సెకన్ల పాటు నొక్కి ఉంచితే బోర్డులో మిగిలిన విద్యుత్తు చాలావరకు ఖాళీ అవుతుంది. కంప్యూటరు ఆపి ఉన్నప్పటికీ, ప్లగ్గు ఉన్నంతసేపు ఎస్‌ఎంపీఎస్ నుంచి ఊదారంగు తీగ ద్వారా 5 వోల్టుల విద్యుత్తు మదర్‌బోర్డుకు అందుతూనే ఉంటుంది. బోర్డు మీద చిన్న దీపం వెలుగుతూ కనిపించడానికి కారణం ఇదే. ఆ దీపం వెలుగుతుండగా ర్యామ్ తీయడం, కార్డు పెట్టడం ప్రమాదకరం.

ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం ఏ పరిస్థితిలోనూ విప్పరాదు. అందులోని పెద్ద కెపాసిటర్లు 300 వోల్టులకు పైబడిన విద్యుత్తును ప్లగ్గు తీసిన తరువాత కూడా కొంతసేపు నిలుపుకొనగలవు. ఈ వ్యాసంలో పేర్కొన్న పనులలో మనిషి ప్రాణానికి నేరుగా ముప్పు కలిగించగలిగినది ఇదొక్కటే.

స్థిర విద్యుత్తు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మనిషి శరీరానికి చురుక్కుమని తెలియాలంటే సుమారు 3,000 వోల్టుల స్థిర విద్యుత్తు ఉండాలి. చిప్పులు దెబ్బతినడానికి అంతకు ఎన్నో రెట్లు తక్కువ చాలు. అందువల్ల ఏమీ తెలియకుండానే ర్యామ్ దెబ్బతినే అవకాశం ఉంది. భిలాయిలో చలికాలపు పొడిగాలి, వానలకు ముందు నెలల వేడిగాలి ఇందుకు అనుకూలం. సింథటిక్ దుప్పటి పరచిన మంచం మీద కాకుండా చెక్క బల్ల మీద పని చేయడం, విడిభాగాన్ని ముట్టుకునే ముందు క్యాబినెట్ లోహభాగాన్ని ఒకసారి తాకడం మంచిది. వేసవిలో నడిచే డెసర్ట్ కూలర్ గాలిలో తేమను పెంచి స్థిర విద్యుత్తును తగ్గించే మాట నిజమే కానీ, తెరిచిన కంప్యూటరు మీదకు నేరుగా ఆ తడిగాలి తగలనీయడం వేరే సమస్యను కొనితెచ్చుకోవడమే అవుతుంది.

లక్షణమే తొలి ఆధారం

కంప్యూటరు మొదలవడం లేదన్న ఒకే మాట కింద కనీసం నాలుగు వేర్వేరు స్థితులు ఉన్నాయి. బటన్ నొక్కితే ఫ్యాన్ కదలదు, దీపం వెలగదు. లేదా ఫ్యాన్ అర సెకను తిరిగి ఆగిపోతుంది. లేదా ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి, తెర మాత్రం నల్లగా ఉంటుంది. లేదా తయారీదారు గుర్తు కనిపించి, విండోస్ వద్ద ఆగిపోతుంది. దుకాణానికి ఫోన్ చేసినా, బంధువుల అబ్బాయిని పిలిచినా, ఈ నాలుగింటిలో ఏదో చెప్పగలిగితే సగం పని పూర్తయినట్లే.

ఏ చలనమూ లేకపోతే ముందుగా గోడ సాకెట్‌ను మరొక పరికరంతో పరీక్షించాలి. ఎస్‌ఎంపీఎస్ వెనుక ఉండే చిన్న స్విచ్ సున్నా గుర్తు వైపు ఉండిపోవడం అనుభవజ్ఞులకు సైతం జరుగుతుంది. కొన్ని పాత ఎస్‌ఎంపీఎస్‌లకు 115, 230 అని రాసి ఉన్న ఎర్ర స్విచ్ ఉంటుంది. మన దేశంలో గృహ విద్యుత్తు 230 వోల్టులు గనుక, 115 వద్ద ఉంచి ప్లగ్గు పెడితే ఎస్‌ఎంపీఎస్ పెద్ద చప్పుడుతో పేలిపోతుంది. విదేశాల నుంచి తెచ్చిన, లేదా సెకండ్ హ్యాండ్‌లో కొన్న వాటి విషయంలో ఈ ఒక్క పరిశీలన తప్పనిసరి.

తరువాత చూడవలసినది క్యాబినెట్ ముందు బటన్ నుంచి వచ్చే సన్నని రెండు పిన్నుల తీగ. మదర్‌బోర్డు మార్చినప్పుడు ఇది పక్క పిన్నులకు తగిలించబడటం సర్వసాధారణం. బోర్డు పుస్తకంలోని పటం చూసి, పవర్ స్విచ్‌కు కేటాయించిన రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ కొనతో ఒక్క క్షణం తాకిస్తే, బటన్‌తో నిమిత్తం లేకుండా కంప్యూటరు మొదలవ్వాలి. అలా మొదలైతే లోపం బటన్‌లోనో దాని తీగలోనో ఉన్నట్టు.

అర సెకను తిరిగి ఆగిపోవడం మరింత తీవ్రమైన సంకేతంగా కనిపిస్తుంది. నిజానికి ఇది రక్షణ వ్యవస్థ సక్రమంగా పనిచేస్తున్నదనడానికి నిదర్శనం. ఎక్కడో షార్ట్ సర్క్యూట్ ఏర్పడినప్పుడు ఎస్‌ఎంపీఎస్ తనంతట తాను ఆగిపోతుంది. క్యాబినెట్‌కు, మదర్‌బోర్డుకు మధ్య ఎడం కోసం బిగించే ఇత్తడి మరలను ఇక్కడ గుర్తు చేసుకోవాలి. పాత బోర్డుకు అవసరమైన చోట బిగించిన ఒక మర, కొత్త బోర్డుకు రంధ్రం లేని చోట మిగిలిపోతే అది బోర్డు అడుగు భాగాన్ని తాకి షార్ట్ చేస్తుంది. బోర్డు వెనుకకు జారిపడిన ఒక స్క్రూ కూడా ఇదే పని చేస్తుంది. బోర్డు మార్చిన వెంటనే ఈ లక్షణం కనిపిస్తే, బోర్డును మొత్తంగా బయటకు తీసి చూడడానికి బద్ధకించరాదు.

రెండు విద్యుత్ తీగలు

ఆధునిక మదర్‌బోర్డుకు ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు వేర్వేరు తీగలు అందాలి. ఒకటి 24 పిన్నుల వెడల్పాటి కనెక్టరు. రెండవది ప్రాసెసరుకు మాత్రమే ఉద్దేశించిన 4 లేదా 8 పిన్నుల కనెక్టరు. ఇది బోర్డు పై మూలలో, ప్రాసెసరు కూలర్ నీడలో దాగి ఉంటుంది. దీనిని మరచిపోతే ఫ్యాన్లు తిరుగుతాయి, దీపాలు వెలుగుతాయి, తెర మీద ఏమీ రాదు. విడిభాగాల మార్పు తరువాత నల్లతెరకు అతి సాధారణ కారణాలలో ఇది ఒకటి.

గ్రాఫిక్స్ కార్డు కోసం ఉండే 8 పిన్నుల తీగ కూడా చూపుకు ఇటువంటిదే. ఆకారాలు కొద్దిగా వేరు కావడం వల్ల మామూలుగా ఒకదాని స్థానంలో మరొకటి దిగదు. బలవంతంగా దింపితే మాత్రం 12 వోల్టుల తీగ నేరుగా ఎర్తు తీగకు కలుస్తుంది, ఎందుకంటే ఈ రెండింటిలో తీగల అమరిక తలకిందులుగా ఉంటుంది. దిగని కనెక్టరును నొక్కిపెట్టి దింపే ప్రయత్నం ఎన్నడూ చేయరాదు.

గ్రాఫిక్స్ కార్డు కొత్తగా పెట్టినవారు వాట్ల లెక్క ఒకసారి వేసుకోవాలి. కార్డు కూర్చునే స్లాటు నుంచి గరిష్ఠంగా 75 వాట్లు, 6 పిన్నుల తీగ నుంచి 75 వాట్లు, 8 పిన్నుల తీగ నుంచి 150 వాట్లు అందేలా ప్రమాణాలు నిర్ణయించారు. ఆఫీసుల నుంచి విడుదలై మార్కెట్లోకి వచ్చే రీఫర్బిష్‌డ్ కంప్యూటర్లలో చిన్న సామర్థ్యపు ఎస్‌ఎంపీఎస్ ఉండటం, అందులో గ్రాఫిక్స్ కార్డుకు అదనపు తీగే లేకపోవడం తరచుగా కనిపిస్తుంది. వీటిలో కొన్నింటి ఎస్‌ఎంపీఎస్, మదర్‌బోర్డు కనెక్టర్లు సాధారణ 24 పిన్నుల ప్రమాణానికి చెందినవి కావు. బజారులో దొరికే ఎస్‌ఎంపీఎస్ వాటికి నేరుగా సరిపోదు. ఆ సంగతి కొనక ముందే తెలుసుకోవడం వల్ల డబ్బు ఆదా అవుతుంది.

2022లో వచ్చిన 16 పిన్నుల కొత్త కనెక్టరు ఒక్క తీగ ద్వారానే 600 వాట్ల వరకు అందించగలదు. ఆ ఏడాది చివరలో కొన్ని ఖరీదైన కార్డులలో ఈ కనెక్టర్లు కరిగిపోయిన ఘటనలు ప్రపంచవ్యాప్తంగా చర్చకు వచ్చాయి. కనెక్టరు పూర్తిగా లోపలికి దిగకపోవడం ఒక ముఖ్య కారణంగా తయారీ సంస్థ పేర్కొంది. అంత పెద్ద కార్డు వాడేవారు మరోదాలో తక్కువే కావచ్చు. చివరి వరకు దింపాలన్న నియమం మాత్రం అన్ని కనెక్టర్లకూ వర్తిస్తుంది.

ఇంతకంటే పెద్ద నష్టం కలిగించే పొరపాటు మరొకటి ఉంది. తీగలను విడదీయడానికి వీలున్న మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్‌ను మార్చేటప్పుడు, క్యాబినెట్‌లో చక్కగా సర్ది ఉన్న పాత తీగలను అలాగే ఉంచి, పెట్టెను మాత్రం మార్చడం చాలామందికి తోచే సులువైన దారి. తీగ హార్డ్‌డిస్కుకు తగిలే కొన ప్రామాణికమైనదే. ఎస్‌ఎంపీఎస్‌కు తగిలే కొనకు మాత్రం ఎటువంటి సార్వత్రిక ప్రమాణమూ లేదు. ఒక కంపెనీ 5 వోల్టులు ఉంచిన పిన్నులో మరొక కంపెనీ 12 వోల్టులు ఉంచవచ్చు. ఒకే కంపెనీ తయారుచేసిన రెండు నమూనాల మధ్య కూడా ఈ తేడా ఉండవచ్చు. బటన్ నొక్కిన తక్షణమే హార్డ్‌డిస్కు సర్క్యూట్ కాలిపోతుంది. ఇరవై ఏళ్ల కుటుంబ ఫొటోలు ఆ విధంగా ఒక్క క్షణంలో అందకుండా పోయే ప్రమాదం ఉంది. ఎస్‌ఎంపీఎస్ మారితే దానితో వచ్చిన తీగలన్నీ మారాలి.

ర్యామ్: సులభమైనది, సర్వసాధారణమైనది

ఫ్యాన్లు తిరుగుతూ తెర నల్లగా ఉన్నప్పుడు, విద్యుత్ తీగలు సరిగానే ఉంటే, తరువాతి అనుమానం ర్యామ్ మీదకు వెళ్లాలి. కొత్త ర్యామ్ పట్టీని గాడిలో దింపడానికి చాలామంది భయపడి తగినంత బలం ఉపయోగించరు. రెండు చివరలా సమానంగా నొక్కినప్పుడు క్లిప్పు టక్కుమని మూసుకోవాలి. కొన్ని బోర్డులలో ఒక వైపు మాత్రమే క్లిప్పు ఉంటుంది. క్లిప్పు లేని వైపు సగమే దిగి ఉండటం కంటికి తెలియదు.

డీడీఆర్ 4, డీడీఆర్ 5 పట్టీలు రెండింటికీ 288 పిన్నులే. అడుగున ఉన్న గాడి స్థానం మాత్రం వేరు. పొరపాటున ఒకదానిలో మరొకటి దింపడానికి ప్రయత్నిస్తే స్లాటు విరుగుతుంది. నాలుగు స్లాట్లు ఉన్న బోర్డులో రెండే పట్టీలు ఉంటే, సాధారణంగా ప్రాసెసరు వైపు నుంచి లెక్కించినప్పుడు రెండవ, నాలుగవ స్లాట్లలో పెట్టాలని తయారీదారులు సూచిస్తారు. పాత పట్టీల పక్కన వేరే వేగం గల కొత్త పట్టీ జోడించి, రెండూ కలిసి పనిచేయనప్పుడు ఒక్కొక్కటిగా పరీక్షించడమే మార్గం. విడివిడిగా రెండూ పనిచేస్తే పట్టీలలో లోపం లేదు, వాటి పొత్తు కుదరలేదని అర్థం.

పాత ర్యామ్ పట్టీ బంగారు పూత అంచుల మీద ఏళ్ల తరబడి పేరుకున్న మసకను పెన్సిల్ రబ్బరుతో మృదువుగా తుడవడం మన దేశంలో ప్రతి మెకానిక్‌కూ తెలిసిన చిట్కా. ఇది పనిచేస్తుంది. రబ్బరు పొడి స్లాటులో రాలకుండా దూరంగా తుడిచి, పొడిని పూర్తిగా దులిపివేయాలి. పారిశ్రామిక పట్టణంలో పదేళ్లు నడిచిన కంప్యూటరు స్లాట్లలో ధూళి పేరుకొని ఉండటం విశేషమేమీ కాదు. మెత్తని బ్రష్షుతో ముందుగా స్లాటును శుభ్రపరచడం మేలు.

డీడీఆర్ 5 బోర్డు అమర్చుకున్నవారు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. మొదటిసారి మొదలైనప్పుడు బోర్డు ఆ ర్యామ్‌కు తగిన సమయ విలువలను స్వయంగా పరీక్షించి నిర్ణయించుకుంటుంది. ఈ వ్యవధిలో తెర నల్లగా ఉంటుంది, కంప్యూటరు తనంతట తాను ఒకటి రెండుసార్లు ఆగి మొదలు కావచ్చు. ఇందుకు కొన్ని నిమిషాలు పడుతుంది. ర్యామ్ పరిమాణం ఎక్కువైన కొద్దీ ఇంకా ఎక్కువ పట్టవచ్చు. పాడైపోయిందన్న తొందరలో మధ్యలో ప్లగ్గు తీస్తే ఆ ప్రక్రియ మళ్లీ మొదటి నుంచి ఆరంభమవుతుంది. పదిహేను నిమిషాలు వేచి చూడడం వల్ల నష్టం లేదు.

తెరకు తీగ ఎక్కడ తగిలించారు

గ్రాఫిక్స్ కార్డు పెట్టిన తరువాత కూడా మానిటర్ తీగను అలవాటు కొద్దీ మదర్‌బోర్డు వెనుక ఉన్న పాత పోర్టులోనే ఉంచడం ఎంత సామాన్యమైన పొరపాటో దుకాణదారులను అడిగితే చెబుతారు. దీనికి విపర్యయం కూడా ఉంది. ఇంటెల్ ప్రాసెసరు సంఖ్య చివర ఎఫ్ అక్షరం ఉంటే అందులో అంతర్గత గ్రాఫిక్స్ ఉండదు. ఏఎండీ రైజెన్ 5000 శ్రేణి వరకు డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చివర జీ అక్షరం ఉన్నవాటికే ఆ సదుపాయం ఉంది. బోర్డుకు హెచ్‌డీఎంఐ పోర్టు ఉన్నప్పటికీ, ఇటువంటి ప్రాసెసరుతో ఆ పోర్టు నుంచి బొమ్మ రాదు. కొద్దిపాటి ధర తేడా చూసి ఎఫ్ ప్రాసెసరు కొన్న వారికి, గ్రాఫిక్స్ కార్డు లేకుండా తెర వెలగదన్న నిజం ఇంటికి వచ్చాక తెలుస్తోంది.

బాగా పాత గ్రాఫిక్స్ కార్డును కొత్త బోర్డులో వాడినప్పుడు మరొక చిక్కు రావచ్చు. నేటి బోర్డులు యూఈఎఫ్‌ఐ పద్ధతిలో మొదలవుతాయి. ఆ పద్ధతిని అర్థం చేసుకునే అంతర్గత ప్రోగ్రాము లేని కార్డు, విండోస్ వచ్చే వరకు తెరపై ఏమీ చూపలేదు.

సరిపోయే సాకెట్, గుర్తించని బోర్డు

ప్రాసెసరు సాకెట్‌లో కూర్చున్నంత మాత్రాన పనిచేయాలన్న నియమం లేదు. 2017లో వచ్చిన ఇంటెల్ ఎనిమిదవ తరం ప్రాసెసర్లు అంతకు ముందు తరాల మాదిరిగానే 1151 స్పర్శల సాకెట్‌ను ఉపయోగించాయి. విద్యుత్ కేటాయింపు మారినందున, 100, 200 శ్రేణి బోర్డులలో అవి పనిచేయవు. 300 శ్రేణి బోర్డు కావాలి. ఏఎండీ సంస్థ ఏఎం 4 సాకెట్‌ను అనేక సంవత్సరాలు కొనసాగించడం వినియోగదారులకు మేలు చేసింది. 2017 నాటి బోర్డులో 2020 చివరలో వచ్చిన రైజెన్ 5000 ప్రాసెసరును వాడే వీలు కూడా 2022 నుంచి కలిగింది. అందుకు బోర్డులోని బయాస్‌ను ముందుగా నవీకరించి ఉండాలి. పాత బయాస్ కొత్త ప్రాసెసరును గుర్తించదు, తెర వెలగదు.

కాబట్టి ఈ మార్పు చేసేవారు పాత ప్రాసెసరు బోర్డులో ఉండగానే, కంప్యూటరు సక్రమంగా నడుస్తుండగానే బయాస్ నవీకరణ పూర్తి చేసుకోవాలి. ఇప్పటికే మార్చి చిక్కుకున్నవారు పాత ప్రాసెసరును మళ్లీ పెట్టి ఆ పని ముగించవచ్చు. కొన్ని బోర్డులలో ప్రాసెసరు లేకుండానే పెన్‌డ్రైవ్ ద్వారా బయాస్ ఎక్కించే ప్రత్యేక బటన్ ఉంటుంది. నవీకరణ మధ్యలో విద్యుత్ పోతే బోర్డు పూర్తిగా నిరుపయోగం కావచ్చు. తుఫాను గాలులు, ఉరుములు ఉన్న సాయంత్రం ఆ పని పెట్టుకోకపోవడం, యూపీఎస్ మీద చేయడం ఉత్తమం.

ప్రాసెసరు మార్పులో భౌతికమైన జాగ్రత్తలు కూడా ఉన్నాయి. ఏఎం 4 ప్రాసెసరు అడుగున సన్నని పిన్నులు ఉంటాయి. పాత కూలర్‌ను నిటారుగా పైకి లాగితే, గట్టిపడిన థర్మల్ పేస్టుకు అంటుకొని ప్రాసెసరు సాకెట్ నుంచి ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. కంప్యూటరును కొంతసేపు నడిపి వేడెక్కనిచ్చి, ఆపి ప్లగ్గు తీసిన తరువాత, కూలర్‌ను కుడి ఎడమలకు మెల్లగా తిప్పి తీయాలి. ఇంటెల్ బోర్డులలో, ఏఎం 5లో పిన్నులు సాకెట్‌లోనే ఉంటాయి; వాటిని వేలితో తాకినా వంగిపోతాయి. కొత్త కూలర్ అడుగున ఉన్న పలుచని ప్లాస్టిక్ పొరను తీయకుండా బిగించడం, కూలర్ ఫ్యాన్ తీగను దానికి కేటాయించిన పిన్నులకు తగిలించకపోవడం కూడా జరుగుతుంటాయి. మొదటి సందర్భంలో కంప్యూటరు కొద్దిసేపు నడిచి వేడికి ఆగిపోతుంది. మే నెలలో గది ఉష్ణోగ్రతే 40 డిగ్రీలు దాటే భిలాయిలో ఆ వ్యవధి మరింత తగ్గుతుంది.

వెనక్కి వెళ్లడం

పైవన్నీ చూసిన తరువాత కూడా ఫలితం లేకపోతే, చివరగా చేసిన మార్పును రద్దు చేసి పాత భాగాన్ని తిరిగి అమర్చాలి. పాత భాగంతో కంప్యూటరు మొదలైతే లోపం కొత్త భాగానిది లేదా దాని పొంతనది. పాత భాగంతోనూ మొదలవకపోతే, మార్పు చేసే క్రమంలో వేరొకటి కదిలిందని అర్థం. ఒకేసారి మూడు భాగాలు మార్చినవారికి ఈ సౌలభ్యం ఉండదు.

వారు అన్నిటినీ తీసివేసి కనిష్ఠ స్థితికి రావాలి. బోర్డును క్యాబినెట్ నుంచి బయటకు తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీద ఉంచి, ప్రాసెసరు, కూలర్, ఒక్క ర్యామ్ పట్టీ, రెండు విద్యుత్ తీగలు మాత్రమే తగిలించి ప్రయత్నించాలి. ప్రాసెసరులో అంతర్గత గ్రాఫిక్స్ లేకపోతే గ్రాఫిక్స్ కార్డు కూడా కావాలి. హార్డ్‌డిస్కు, ఎస్‌ఎస్‌డీ, యూఎస్‌బీ పరికరాలు ఏవీ వద్దు. బోర్డు వచ్చిన వెండిరంగు కవరు మీద పెట్టడం తప్పు. ఆ కవరు పైభాగం విద్యుత్తును కొంతమేర ప్రసరింపజేస్తుంది. ఈ స్థితిలో తెర వెలిగితే ఒక్కొక్క భాగాన్నీ చేర్చుతూ, ప్రతిసారీ ప్లగ్గు తీస్తూ, ఎక్కడ ఆగిందో గమనించాలి.

బోర్డు తన బాధను కొంతవరకు తానే చెప్పగలదు. చాలా కొత్త బోర్డుల మీద ప్రాసెసరు, ర్యామ్, గ్రాఫిక్స్, బూట్ అనే నాలుగు చిన్న దీపాలు ఉంటాయి. ఏది వెలిగి ఆరకుండా ఉంటే అక్కడ సమస్య ఉన్నట్టు. దీపాలు లేని పాత బోర్డులకు చిన్న స్పీకరు తగిలిస్తే బీప్ శబ్దాలు వినిపిస్తాయి. అవార్డు బయాస్‌లో ఒక పొడవాటి, రెండు పొట్టి శబ్దాలు గ్రాఫిక్స్ లోపాన్ని సూచిస్తాయి. ఇతర తయారీదారుల భాష వేరు గనుక బోర్డు పుస్తకాన్ని చూడవలసిందే. ర్యామ్ పూర్తిగా తీసివేసి మొదలుపెట్టినప్పుడు బీప్ వినిపిస్తే, కనీసం బోర్డు, ప్రాసెసరు ప్రాణంతో ఉన్నాయని నిశ్చయంగా చెప్పవచ్చు. ఖరీదు లేని ఈ పరీక్ష ఎంతో విలువైనది.

ఎస్‌ఎంపీఎస్ మీద అనుమానం ఉంటే దానిని కంప్యూటరు నుంచి పూర్తిగా విడదీసి, ప్లగ్గు తీసి ఉండగా 24 పిన్నుల కనెక్టరులో ఆకుపచ్చ తీగను ఏదో ఒక నల్ల తీగతో చిన్న లోహపు క్లిప్పు ద్వారా కలిపి, ఆపైన ప్లగ్గు పెట్టి చూసే పద్ధతి ప్రచారంలో ఉంది. ఫ్యాన్ తిరగడం ఎస్‌ఎంపీఎస్ మొదలవుతున్నదని మాత్రమే చెబుతుంది. అది భారాన్ని మోయగలదా అన్నది దీనితో తెలియదు. మల్టీమీటరు ఉన్నవారు 12 వోల్టుల తీగలో 11.4 నుంచి 12.6 వరకు, 5 వోల్టుల తీగలో 4.75 నుంచి 5.25 వరకు ఉన్నదా అని చూడవచ్చు. విద్యుత్ పనిలో అనుభవం లేనివారు ఈ పరీక్షకు పూనుకోకుండా, ఎస్‌ఎంపీఎస్‌ను దుకాణానికి తీసుకువెళ్లి పరీక్షింపజేయడమే క్షేమం.

బయాస్ అమరికలను మొదటి స్థితికి తేవడం మరో పరిష్కారం. ప్లగ్గు తీసి, బోర్డు మీద నాణెం వలె ఉండే సీఆర్ 2032 బ్యాటరీని ఐదు నిమిషాలు తీసి పెట్టడం, లేదా అందుకు కేటాయించిన రెండు పిన్నులను తాకించడం ద్వారా ఇది జరుగుతుంది. ర్యామ్ వేగాన్ని పెంచి ఉంచిన పాత అమరిక కొత్త ర్యామ్‌కు సరిపడనప్పుడు ఇది తక్షణం ఫలిస్తుంది.

గుర్తు కనిపించి, విండోస్ రాకపోతే

ఇక్కడి నుంచి ప్రశ్న మారుతుంది. భాగాలు పనిచేస్తున్నాయి, సమాచారం అందడం లేదు. ఎం.2 రకపు ఎస్‌ఎస్‌డీ కొత్తగా పెట్టినప్పుడు కొన్ని బోర్డులలో ఒకటి రెండు సాటా పోర్టులు వాటంతట అవే ఆగిపోతాయి. పాత హార్డ్‌డిస్కు మాయమైనట్టు అనిపిస్తుంది. తీగను మరో పోర్టుకు మారిస్తే అది తిరిగి కనిపిస్తుంది. పాత పద్ధతిలో స్థాపించిన విండోస్, యూఈఎఫ్‌ఐ మాత్రమే ఉన్న బోర్డులో మొదలవదు. బయాస్ అమరికలు చెరిగిపోయినప్పుడు డిస్కు నిర్వహణ పద్ధతి కూడా మారిపోయి, విండోస్ నీలితెరతో ఆగవచ్చు. మార్పుకు ముందే బయాస్ పేజీలను ఫోన్‌తో ఫొటో తీసి ఉంచుకున్నవారు దీనిని నిమిషాలలో సరిదిద్దుకోగలరు. డిస్కును ఫార్మాట్ చేయమని ఎవరైనా సలహా ఇస్తే, ఈ మూడు అవకాశాలూ పరిశీలించిన తరువాతే ఆ మాట వినాలి.

వీటికి మించిన చిక్కు బిట్‌లాకర్. ఇటీవలి విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించిన కంప్యూటర్లలో, యజమాని ప్రత్యేకంగా కోరకుండానే డిస్కు సంకేతభాషలోకి మారి ఉండవచ్చు. ఆ తాళం టీపీఎంలో ఉంటుంది. మదర్‌బోర్డు మారినా, కొన్ని సందర్భాలలో ప్రాసెసరు మారినా, విండోస్ 48 అంకెల రికవరీ సంఖ్య అడుగుతుంది. ఏఎండీ బోర్డులలో ప్రాసెసరు మార్చిన తరువాత, అంతర్గత టీపీఎంను కొత్తగా ప్రారంభించాలా అని అడుగుతూ వై, ఎన్ అక్షరాలలో ఒకటి నొక్కమనే తెర వస్తుంది. అర్థం చూడకుండా వై నొక్కితే పాత తాళం చెరిగిపోతుంది. రికవరీ సంఖ్య ఇంకెక్కడా లేకపోతే డిస్కులోని సమాచారాన్ని ఏ దుకాణమూ తిరిగి ఇవ్వలేదు. ఆ సంఖ్య సాధారణంగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రమై ఉంటుంది. విడిభాగం మార్చే ముందే మరో ఫోన్ ద్వారా ఖాతాలోకి వెళ్లి ఆ సంఖ్యను కాగితం మీద రాసుకోవడం, బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా నిలిపివేయడం సరైన పద్ధతి. ఖాతా పాస్‌వర్డు వేరే ఊరిలో ఉద్యోగం చేస్తున్న అబ్బాయి దగ్గరే ఉన్న ఇళ్లలో ఈ పని ముందు రోజే పూర్తి కావాలి.

కొనుగోలు, వాపసు, పాత భాగాలు

దుర్గ్, రాయ్‌పూర్ దుకాణాలలో కొన్న భాగాన్ని మార్చుకోవడం ఒక విధం. విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో బంధువులు కొని రైలులో పంపిన భాగాన్ని మార్చుకోవడం మరో విధం. రెండో సందర్భంలో వాపసు గడువు ప్రయాణంలోనే కరిగిపోతుంది. బిల్లు అసలు ప్రతి, పెట్టె, సీరియల్ సంఖ్య ఉన్న చీటీ తీసి ఉంచాలి. మదర్‌బోర్డు సాకెట్ మీద ఉండే ప్లాస్టిక్ మూతను పారవేయరాదు. అది లేకుండా వారంటీకి వచ్చిన బోర్డును చాలా సేవా కేంద్రాలు స్వీకరించవు. సాకెట్ పిన్నులను అమర్చే ముందు ఒక ఫొటో తీసి ఉంచుకుంటే, అవి ముందే వంగి ఉన్నాయా, తరువాత వంగాయా అన్న వివాదంలో ఆధారంగా పనికొస్తుంది. అమ్మకందారు స్పందించని పక్షంలో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం సంఖ్య 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

తీసివేసిన పాత బోర్డు, ఎస్‌ఎంపీఎస్, బ్యాటరీలను మామూలు చెత్తలో కలపరాదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం బోర్డు, ఎస్‌ఎంపీఎస్‌లను నమోదు పొందిన పునర్వినియోగ సంస్థలకు చేర్చవలసి ఉంటుంది. హార్డ్‌డిస్కును ఇచ్చే ముందు అందులోని సమాచారం కొత్త కంప్యూటరులో తెరుచుకుంటున్నదని నిర్ధారించుకోవాలి.

కంప్యూటరు మొదలైన తరువాత ఒక చిన్న పని మిగిలి ఉంటుంది. బ్యాటరీ తీసి పెట్టినందున గడియారం కొన్నేళ్లు వెనక్కి వెళ్లి ఉండవచ్చు. తేదీ తప్పుగా ఉంటే బ్యాంకు, పరీక్షా మండలి వంటి సురక్షిత వెబ్‌సైట్లు తెరుచుకోకుండా భద్రతా హెచ్చరిక చూపుతాయి. ఇంటర్నెట్ పోయిందని భావించి రౌటరును విప్పనవసరం లేదు. తేదీ, సమయం సరిచేస్తే అవి తెరుచుకుంటాయి. మరునాడు మళ్లీ తేదీ వెనక్కి వెళితే ఆ బ్యాటరీ ఆయువు తీరినట్టు. గడియారాల దుకాణంలోనూ అది దొరుకుతుంది.